గృహస్థుల ధ్యానము

ధ్యానము సన్న్యాసుల సొత్తనియు, గృహస్థునకు దానము, పూజ, వ్రతము చాలుననియు మనలో ననేకులు తలచుచుందురు. పిల్లల చదువులు, వంటయిల్లు, కచేరీ, అప్పుసప్పులు, పెండ్లిపేరంటములు, వీని నడుమ కన్నులు మూసికొని కూర్చుండుటకు తీఱిక యెక్కడిదని యడుగువారు కొందఱు. సంసారము చేయువానికి మనశ్శాంతి యేలయని నవ్వువారు మఱికొందఱు. ఈ యభిప్రాయము క్రొత్తది కాదు. బుద్ధదేవుని కాలముననే యిది యుండెను; ఆ కాలముననే దీనిని ప్రశ్నించినవారును నుండిరి. ఆ ప్రశ్నకు ఆచరణరూపమైన జవాబు మన కాలమున లభించిన చోటులలో నొకటి అరణ్యమును గాదు, ఆశ్రమమును గాదు. బర్మాదేశమున లెక్కలు చూచు నొక సర్కారు కచేరీ. ఆ చరిత్రను, అది మన యిండ్లకు నేర్పదగిన పాఠమును ఇచట సంగ్రహముగా విన్నవించుచున్నాము.

పాలిభాషలోని మజ్ఝిమనికాయమున అనాథపిండికుని కడపటి దినములను గూర్చిన సూత్రమొకటి కలదు. అనాథపిండికుడు శ్రావస్తీనగర వర్తకుడు. జేతవనమును కొని భిక్షుసంఘమునకు సమర్పించిన మహాదాత. అతడు మరణశయ్యపై నుండగా సారిపుత్రుడును ఆనందుడును చూడవచ్చిరి. ఇంద్రియములను, వాని విషయములను, వానివలన గలుగు సుఖదుఃఖములను ‘నావి’యని పట్టుకొనకుండుట యెట్లో సారిపుత్రుడు ఒక్కొక్కటిగా విప్పి చెప్పెను. వృద్ధుని కన్నుల నీరు కాఱెను. ధైర్యము సడలుచున్నదా యని ఆనందుడు ప్రశ్నించెను. అట్లు కాదనియు, ఇంతకాలము బుద్ధుని, భిక్షువులను సేవించియు ఇట్టి బోధను ఎన్నడును విననైతిననియు అతడు బదులు చెప్పెను. తెల్లబట్టలు కట్టు గృహస్థులకు ఇట్టి బోధ చేయరనియు, ఇల్లు విడిచినవారికే చేయుదురనియు తెలిసినప్పుడు, గృహస్థులలోను దీనిని గ్రహింపగలవారున్నారనియు, వినకపోవుటచేతనే వారు నష్టపోవుచున్నారనియు, వారికిని చెప్పవలసినదనియు అతడు వేడుకొనెను. జీవితమంతయు సంఘమునకు ఇచ్చుచు వచ్చినవాడు చివరి గడియలలో సంఘమును అడిగినది ఇదియొక్కటే.

ఈ సూత్రమును మాత్రమే చూచినయెడల ఆ కాలమున గృహస్థులెవ్వరికిని ధ్యానము తెలియదని తోచును. అది సరికాదు. అదే నికాయమున పెస్సుడను నొక మావటివాని కుమారుడు బుద్ధుని యెదుటకు వచ్చి, తెల్లబట్టలవారమైన మేమును అప్పుడప్పుడు నాలుగు స్మృత్యుపస్థానములయందు చిత్తమును నిలుపుచుందుమని విన్నవించినట్లున్నది. ఏనుగుల నడుమ బ్రదుకు యువకుడు చెప్పిన మాట యిది. స్మృత్యుపస్థానమనగా దేహమును, వేదనలను, చిత్తమును, ధర్మములను ఉన్నవి ఉన్నట్లు ఎఱుకతో గమనించుట. ఆ సూత్రమున పద్మాసనమును గూర్చి చెప్పినది కొంచెము; నడచుట, నిలుచుట, తినుట, త్రాగుట, బట్ట కట్టుట, మాటలాడుట, మౌనముగా నుండుట, వీనియందెల్ల ఎఱుక తప్పరాదని చెప్పినది విస్పష్టము. ఇవియన్నియు గృహస్థుడు దినదినము చేయు పనులే కదా. కాబట్టి విద్య యుండెను. నేర్చిన గృహస్థులును నుండిరి. కాని అది వారి హక్కుగా స్థిరపడలేదు. దానమిచ్చుట గృహస్థునివంతు, ధ్యానించుట భిక్షువువంతు అను పంపకము రానురాను గట్టిపడెను.

ఆ పంపకపు జాడలను మన దేశముననే చూడవచ్చును. అమరావతీ స్తూపమునకు పూర్ణఘటము చెక్కిన ఱాతిపలకను సమర్పించినవారిలో విధికుడను చర్మకారుడు కలడు. తల్లితోను, భార్యతోను, సోదరులతోను, బిడ్డలతోను కలిసి యిచ్చితినని యతడు శాసనమున వ్రాయించెను. నాగార్జునకొండయందు ఇక్ష్వాకురాజగు వీరపురుషదత్తుని కాలమున బోధిశ్రీయను ఉపాసిక తామ్రపర్ణి భిక్షువుల నిమిత్తము చైత్యగృహమును కట్టించి, తన బంధువర్గమునంతయు పేర్కొని పుణ్యమును వారికి పంచెను. తోళ్ళు కుట్టువాడును, ఇల్లు నడుపు స్త్రీయును దేవాలయములలో అడుగిడుటకే జంకిన కాలములు తరువాత వచ్చినవని తలచుకొన్నప్పుడు, ఈ శాసనములు మనకు గర్వకారణములే. ఐనను అవి తెలుపునది వారి దానము. వారు ఇంటిలో కోపమును ఎట్లు అణచుకొనిరో, దుఃఖమును ఎట్లు చూచిరో ఱాయి చెప్పదు. ఆంధ్రదేశమున బౌద్ధము క్షీణించుటకు రాజాశ్రయము తొలగుట మొదలగు కారణములు పెక్కు గలవు. విద్య విహారముల గోడల లోపలనే నిలిచి, గృహస్థుల యిండ్లలో వేరు పాఱకుండుటయు వానిలో నొకటియై యుండునని మా యూహ. విహారము పడిపోయినప్పుడు దానితోపాటు సమస్తమును పడిపోయెను. 1926లో నాగార్జునకొండ శిథిలములు బయటపడునాటికి అచట బౌద్ధుడనువాడు ఒక్కడును లేడు. తరువాత ఆ లోయయు సాగరజలములలో మునిగినది.

బర్మాదేశమునకు సరిగా నిట్టి గండమే పందొమ్మిదవ శతాబ్దమున వచ్చెను. ఆ దేశము మనవారికి క్రొత్తది కాదు. కోరంగి మొదలగు రేవులనుండి ఓడలెక్కి ‘రంగము’ పోయి బియ్యపు మిల్లులలోను, రేవులలోను చెమటోడ్చిన తెలుగువారు వేలకొలది. 1937 వఱకు బర్మా హిందూదేశ ప్రభుత్వములో నొక భాగముగానే యుండెను. అచటి రాజులు సంఘమునకు పోషకులు. మిండన్ రాజు మాండలే నగరమున త్రిపిటకమును 729 చలువరాతి పలకలపై చెక్కించి, 1871లో భిక్షువుల మహాసభను కూర్చెను. పదునాలుగేండ్లు గడచునప్పటికి, అనగా 1885లో, ఇంగ్లీషువారు మాండలేను పట్టుకొని తీబారాజును రత్నగిరికి పంపివేసిరి. సంఘమునకు నీడయైన సింహాసనము లేకపోయెను. ధర్మమును ఇక నెవరు కాపాడుదురు?

ఈ ప్రశ్నకు లెడీ సయాడో యను భిక్షువు చెప్పిన జవాబు చరిత్రను మార్చినది. ఆయన 1846లో జన్మించెను. మాండలేలో చదివి గొప్ప పండితుడయ్యెను. రాజ్యము పోయిన తరువాత మొనీవా సమీపమున అడవిలో విహారమును ఏర్పఱచుకొనెను. రాజు పోయినను ప్రజలున్నారు. ప్రజలు నేర్చిన ధర్మమును ఏ సైన్యమును పట్టుకొనిపోలేదు అనునది ఆయన నడవడిలో కనబడు తత్త్వము. ఆయన ఊరూర తిరిగెను. భిక్షువులకే కఠినమైన అభిధర్మమును తేటయైన బర్మాభాషలో పద్యములుగా కూర్చి సామాన్యుల చేతికిచ్చెను. వానిని చదువుటకు, చర్చించుటకు ఊళ్ళలో సమాజములు వెలసెను. స్త్రీలును వానిలో చేరిరి. ఈ కాలముననే ధ్యానమును మరణానంతర ఫలముగా గాక, ఈ జన్మముననే చేయదగిన పనిగా ఆయన బోధించెను. 1911లో మింగున్ సయాడో యనునతడు గృహస్థులకు ధ్యానకేంద్రమును నెలకొల్పెను. ఆయన శిష్యుడగు మహాసీ సయాడో 1949 మొదలుకొని రంగూను నగరమున వేలకొలది జనులకు నేర్పెను. ఇట్లు త్రోవలు రెండు మూడు తెఱచుకొన్నవి.

లెడీ సయాడో చేసిన మఱియొక సాహసము కలదు. నేర్చుకొనుటకే గాక నేర్పుటకును గృహస్థుడు అర్హుడని ఆయన తేల్చెను. రంగూను నదికి ఆవలనున్న ప్యాబ్వేజీ గ్రామమున 1873లో జన్మించిన ఊ తెట్ అనువాడు పేద రైతు. కొంతకాలము బియ్యపు మిల్లులో పని చేసెను. 1903లో వచ్చిన కలరాలో చిన్న కుమారుడును, మఱికొందఱు బంధువులును పోయిరి. ఆ దుఃఖమునకు మందు వెదకుచు ఇంటివారి సమ్మతితో బయలుదేఱి, తుదకు లెడీ సయాడో వద్ద విద్య నేర్చి, ఇల్లు చేరెను. పండితుడు కాని యీ రైతును పిలిచి, ఇక నీవు ఇతరులకు నేర్పుమని గురువు ఆజ్ఞాపించెను. నాటినుండి 1945లో మరణించు వఱకు ‘సయా తెట్జీ’యను గౌరవనామముతో ఆయన ముప్పది యేండ్లు బోధించెను. పొలము పనివారు, కచేరీ గుమాస్తాలు, భిక్షువులు సైతము ఆయన యెదుట కూర్చుండిరి. కాషాయము లేనివానివద్ద కాషాయధారి శిష్యుడగుట సామాన్యమైన మార్పు కాదు.

ఆ శిష్యులలో ఊ బా ఖిన్ ఒకడు. ఆయన 1899లో రంగూనులో పేద కుటుంబమున జన్మించి, గుమాస్తాగా చేరి, లెక్కల శాఖలో మెట్టుమెట్టుగా పైకి వచ్చినవాడు. 1937 జనవరి 1వ తేదీని శ్వాసను గమనించు అభ్యాసమును ఆరంభించి, కొలది దినములకే నది దాటి ప్యాబ్వేజీకి పోయెను. ఉద్యోగమును వదలలేదు, భార్యాబిడ్డలను వదలలేదు. 1948లో బర్మా స్వతంత్రము కాగా ఆ ప్రభుత్వమునకు అకౌంటెంటు జనరల్ అయ్యెను. 1950లో తన కచేరీలోనే ధ్యానసంఘమును స్థాపించెను. 1952లో రంగూనులో అంతర్జాతీయ ధ్యానకేంద్రము తెఱవబడెను. పగలు సర్కారు లెక్కలు, ఉదయసాయంకాలములు, సెలవుదినములు శిష్యులు. ఒక్కొక్కప్పుడు రెండు మూడు శాఖలకు ఏకకాలమున అధిపతిగా నుండి, 1967 వఱకు సర్కారు కొలువు చేసి, 1971లో కాలధర్మము నొందెను.

లెక్కల కచేరీ యనగా నేమో చదువరులకు తెలియును. సొమ్ము ప్రక్కన కూర్చుండువారికి లంచము ప్రక్కనే కూర్చుండును. అట్టిచోట ధ్యానము నేర్పువాడు మొదట చేయించునది శ్వాసను చూచుట కాదు, పంచశీలములను స్వీకరింపజేయుట. చంపకుండుట, దొంగిలింపకుండుట, వ్యభిచరింపకుండుట, అబద్ధమాడకుండుట, మత్తు పుచ్చుకొనకుండుట. దొంగలెక్క వ్రాసినవాని చిత్తము సాయంకాలము కన్నులు మూసికొన్నంతమాత్రమున నిలువదు. ఆ దొంగలెక్కయే కన్నుల యెదుట నిలుచును. శీలము పునాది, సమాధి గోడ, ప్రజ్ఞ కప్పు. గృహస్థుని ధ్యానము జపమాలలో గాక జమాఖర్చుల పుస్తకమున కనబడవలెనని ఆ కచేరీ లోకమునకు చూపినది.

ఇక నా యభ్యాస మెట్టిదో కొంచెము వివరింతుము. పది దినములు ఇల్లు విడిచి, మౌనముగా, ఒక్కచోట నుందురు. మొదటి మూడు దినములు ముక్కుపుటములయొద్ద వచ్చిపోవు శ్వాసను మాత్రము గమనింతురు. దానిని బిగబట్టుట, లెక్కించుట, మంత్రమును జోడించుట లేదు. తరువాత ఆపాదమస్తకము దేహమున కలుగు వేడిమి, చల్లదనము, నొప్పి, దురద, జలదరింపు మొదలగు వేదనలను క్రమముగా చూచుదురు. సుఖమైనదానిని పట్టుకొనరు, దుఃఖమైనదానిని త్రోసివేయరు, పుట్టినది గిట్టుచున్నదని తెలిసికొందురు. ఇంతియే. కాని యీ యింతలోనే గృహస్థునకు కావలసినది యున్నది. పొయ్యిమీది పాలు పొంగి పోయినప్పుడు కోడలిపై అత్తగారికి కోపము వచ్చును. ఆ కోపము నోటికి రాకముందే దేహమునకు వచ్చును: చెవులు వేడెక్కును, శ్వాస వడిపడును, ఱొమ్ము బిగియును. అభ్యాసము లేనివారు ఆ వేడిని ఎఱుగరు. నోట వెలువడిన మాటనే యెఱుగుదురు. అభ్యాసము గలవారు వేడిని ముందుగా చూతురు. చూచిన రెండు క్షణములలో అది కొంత చల్లాఱును. అనవలసిన మాట నాలుక వెనుకనే నిలిచిపోవును. కుటుంబముల జీవితము ఈ రెండు క్షణములపై నెంత యాధారపడియున్నదో వేఱుగ చెప్పనక్కఱలేదు.

ఈ విద్య హిందూదేశమునకు తిరిగివచ్చిన విధము మఱియొక పాఠము. మాండలేలో 1924లో జన్మించిన సత్యనారాయణ గోయెంకా మార్వాడీ వర్తకుడు. తీవ్రమైన తలనొప్పికి వైద్యము దొరకక 1955లో ఆయన ఊ బా ఖిన్ వద్దకు వెళ్ళెను. తలనొప్పి మాన్పుకొనుటకు వచ్చితినని చెప్పగా గురువు చేర్చుకొననని చెప్పెనట. ఇంత గొప్ప విద్యను దేహరోగమునకు మందుగా తక్కువపఱుపరాదు. చిత్తశుద్ధికై వచ్చినచో రమ్ము, రోగము పోయిన అది దాని వెంబడి పోవును అనునది ఆయన యభిప్రాయము. గోయెంకా చేరెను, పదునాలుగేండ్లు శిష్యత్వము చేసెను, 1969లో బొంబాయి నగరమున పదునలుగురితో మొదటి శిబిరము నడిపెను. 1976లో మహారాష్ట్రమునందలి ఇగత్పురిలోను, మన హైదరాబాదు చెంత నాగార్జునసాగరమునకు పోవు బాటపైనను కేంద్రములు వెలసినవి. మునిగిపోయిన లోయకు పోవు త్రోవలో, భిక్షువులు గాక ఉద్యోగులు, వర్తకులు, గృహిణులు, విద్యార్థులు కూర్చుండి ధ్యానించు స్థలము ఏర్పడుట చరిత్రలోని చక్కని పొందిక. విధికునకును బోధిశ్రీకిని దానము చేయుటకు త్రోవ యుండెను. వారి దేశపు బిడ్డలకు నేడు అభ్యసించుటకును త్రోవ యున్నది. 1975లో జయపురము చెఱసాలలోను, 1994లో ఢిల్లీ తిహార్ చెఱసాలలో వేయిమందికి పైగా ఖైదీలతోను శిబిరములు జరిగినవి. కిరణ్ బేడీ అప్పుడు ఆ చెఱసాలకు పైయధికారి. శిక్ష పొందినవానికిని చిత్తమున్నదని సర్కారు గుర్తించుట చిన్న సంస్కరణము కాదు.

ఐనను నేటి స్థితిని గూర్చి రెండు మాటలు నిష్కర్షగా చెప్పవలసియున్నది.

మొదటిది, విద్యను పునాదినుండి వేఱుచేయుట. 1979లో అమెరికాదేశమున జాన్ కబట్ జిన్ అను పండితుడు మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ వైద్యశాలయందు ఎనిమిది వారముల అభ్యాసక్రమమును ఆరంభించెను. నొప్పితో, దిగులుతో బాధపడువారికి అది ఊఱట నిచ్చినది, దానిని నిందింపము. కాని దాని వెనుక అనేకులు శ్వాసను మాత్రము తీసికొని శీలమును విడిచిరి. నేడు చేతిఫోనులోనే ధ్యానము అమ్మబడుచున్నది. పదునాలుగు గంటలు పనిచేయించు యజమాని పనివారికి పది నిమిషముల ధ్యానమును కానుకగా నిచ్చి, పనిగంటలను మాత్రము తగ్గింపడు. ఇది విద్య కాదు. అలసిన యెద్దు నొసట బొట్టు పెట్టుట. ధర్మమనగా మనుష్యునకును మనుష్యునకును నడుమ నుండవలసిన న్యాయమైన వర్తనమని అంబేడ్కర్ మహాశయుడు తన బౌద్ధగ్రంథమున నొక్కి చెప్పినది ఈ సందర్భమున స్మరింపదగినది. ఆ గ్రంథము ఆయన మరణానంతరము 1957లో వెలువడెను. అన్యాయమును సహించుటకు మందుగా వాడిన ధ్యానము అన్యాయమునకే తోడగును.

రెండవది, ఇంటిలోని న్యాయము. పురుషుడు పది దినములు శిబిరమునకు పోయిన, ఇల్లు యథాప్రకారము నడచును. ఇల్లాలు పోదలచిన, పొయ్యి యెవరు చూతురు, పిల్లలనెవరు చూతురు, మామగారి మందులెవరిత్తురు అను ప్రశ్నలు వరుసగా లేచును. శిబిరములలో స్త్రీపురుషులకు సమానముగ చోటున్నది, రుసుము లేదు, కావున అడ్డు తలుపు అచట లేదు, మన గుమ్మమున నున్నది. ఊ తెట్ విద్యకై ఇల్లు విడిచినప్పుడు అతని యింటి బరువును మోసినవారు ఇంటనున్నవారే కదా. ఆ బరువును ఈసారి పురుషులు మోయుట ధర్మము. పది దినములు కాకున్నను, ఉదయమున అరగంట ఆమెను పిలువకుండుట, ఆ యరగంట పాలు కాచుట, బిడ్డలకు తల దువ్వుట, ఇదియు ధ్యానమునకు అంగమే. ఇల్లాలి సమయమును మ్రింగి తాను ప్రశాంతుడైన గృహస్థుని ప్రశాంతి అప్పు తెచ్చిన నగవంటిది.

బుద్ధదేవుడు సిగాలుడను గృహస్థ యువకునకు చెప్పిన బోధ దీఘనికాయమున కలదు. ఆ యువకుడు తడిబట్టలతో ఆఱు దిక్కులకు మ్రొక్కుచుండెను. తూర్పు తల్లిదండ్రులు, దక్షిణము గురువులు, పడమర ఆలుబిడ్డలు, ఉత్తరము స్నేహితులు, క్రిందు పనివారు, మీదు సాధుజనులు అని బుద్ధుడు ఆ దిక్కులకు అర్థము చెప్పెను. పనివారికి శక్తికి తగిన పని, కూడు, కూలి, జబ్బులో సంరక్షణము, తగుకాలమున సెలవు ఇయ్యవలెనని విధించెను. మ్రొక్కు మనుష్యులవైపు త్రిప్పబడినది. కన్నులు మూసికొన్న అరగంట నిజమైనదో కాదో తెలిసికొనుటకు ఇంతకంటె మంచి గీటురాయి లేదు. కన్నులు తెఱచిన పిమ్మట పనిమనిషి కూలి సకాలమున అందినదా, ఆమె జ్వరమునకు సెలవు దొరికినదా, అబద్ధపు రసీదు చింపబడినదా, భోజనపు పీటయొద్ద గొంతు కొంత తగ్గినదా?

అనాథపిండికుడు అడిగిన విద్య నేడు అడుగకయే అందఱికిని అందుచున్నది. దానిని పొందుటకు జేతవనమును కొననక్కఱలేదు, ఇల్లు విడువనక్కఱలేదు, జాతిమతములు మార్చుకొననక్కఱలేదు. ఐనను సులభముగా దొరికినదానిని చులకన చేయుట లోకరీతి. ఇల్లు నడుపుచునే చిత్తమును శుద్ధి చేసికొనవచ్చునని బర్మా రైతొకడు, గుమాస్తా యొకడు నిరూపించిరి. మన యిండ్లలో దీనిని నిరూపింపవలసిన పని మనది. చదువరులారా, ఆరంభము చిన్నదైనను, నేటి సాయంకాలమే కావచ్చును.